టర్బో పెట్టాక పెట్రోలు సరిపోతుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: టర్బో బండికి ఏ పంపు, ఎంత ఇంజెక్టర్ (ఇంజనుకు పెట్రోలు చిమ్మే భాగం), ఏ హోస్. అందుకే మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. బూస్ట్ (టర్బో అదనంగా తోసే గాలి ప్రెషర్) మీద ఉన్న ఇంజనుకు రెండు సెకన్లు పెట్రోలు తక్కువైతే చాలు, పిస్టన్ పోతుంది. కాబట్టి ఇక్కడ అందాజాలు పనికిరావు, లెక్క వేసుకునే కొనాలి.

ప్రశ్న: అన్నా, నాది 2002 హోండా సిటీ 1.5 వీటెక్. ఇక్కడ ఒక గ్యారేజీ వాళ్లు చిన్న టర్బో పెట్టి 6 పీఎస్‌ఐ బూస్ట్ నడుపుదామంటున్నారు. ఇంజెక్టర్లు మార్చక్కర్లేదట, ఎఫ్‌ఎమ్‌యూ అనే రెగ్యులేటర్ బిగిస్తే అదే పెట్రోలు పెంచుతుందట. ఖర్చు చాలా తగ్గుతుంది. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: వద్దు తమ్ముడూ. ఎఫ్‌ఎమ్‌యూ ఏం చేస్తుందంటే, బూస్ట్ ఒక్కో పీఎస్‌ఐ పెరిగినప్పుడల్లా రైల్లో, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో, పెట్రోలు ప్రెషర్‌ని ఎనిమిదో పదో పన్నెండో పీఎస్‌ఐ చొప్పున పెంచేస్తుంది. ఇంజెక్టర్ పాతదే, అది తెరుచుకునే సమయమూ పాతదే, వెనక నుంచి గట్టిగా తోస్తున్నాం కాబట్టి ఎక్కువ పోస్తుందని వాళ్ల ధీమా. కొంత నిజమే, కానీ పెట్రోలు ప్రెషర్‌తో సమానంగా పెరగదు, ప్రెషర్ వర్గమూలం ప్రకారం పెరుగుతుంది. మీ 6 పీఎస్‌ఐకి ఎనిమిది రెట్లు వేస్తే 48, మామూలుగా ఉండే 43 కలిపితే 91 పీఎస్‌ఐ, అంటే 6 బార్ దాటింది. ఇంత చేస్తే అదనంగా వచ్చేది 40 శాతం పెట్రోలు. అదీ పంపు ఆ ప్రెషర్ దగ్గర కూడా సరిపడా పోయగలిగితేనే. ఇరవై ఏళ్లు దాటిన స్టాక్ పంపు, అంటే కంపెనీ నుంచి వచ్చిన పంపు, పోయలేదు. ఇంజెక్టర్లు కూడా అంత ప్రెషర్ మీద సరిగ్గా తెరుచుకుంటాయన్న గ్యారంటీ లేదు. కంప్యూటర్ ట్యూనింగ్ అందరికీ అందుబాటులో లేని రోజుల్లో ఈ పద్ధతి నడిచింది, ఇప్పుడు అవసరం లేదు.

సరైన లెక్క ఇలా వేయండి. మీ ఇంజను కంపెనీ నుంచి వచ్చినప్పుడు సుమారు 106 హార్స్‌పవర్. 6 పీఎస్‌ఐకి 150 అనుకుందాం. టర్బో పెట్రోలు ఇంజను ఫుల్ లోడ్ మీద ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు దాదాపు 0.6 పౌండ్ల పెట్రోలు తాగుతుంది, అంటే మొత్తం 90 పౌండ్లు, ఒక్కో ఇంజెక్టర్ వాటా 22.5. ఇంజెక్టర్‌ని నూటికి నూరు శాతం తెరిచి ఉంచకూడదు, 80 శాతం దగ్గర ఆగాలి, కాబట్టి 28 పౌండ్లు, సీసీల్లో చెప్పాలంటే నిమిషానికి 295. ఇది మామూలు పెట్రోలుకి. మన బంకుల్లో ఇప్పుడు పోసేది ఈ20, అంటే 20 శాతం ఈథనాల్ కలిపిన పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక వంతు పూర్తిగా మండడానికి 14.7 వంతుల గాలి కావాలి, ఈ20కి దాదాపు 13.5 చాలు, అంటే అదే గాలికి సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. అలా 295 కాస్తా 320 అవుతుంది. మీరు 360 నుంచి 410 సీసీ మధ్య తీసుకుంటే హాయిగా సరిపోతుంది, అంతకు మించి అక్కర్లేదు. హోండాల మీద చాలామంది ఆక్యూరా ఆర్‌డీఎక్స్ టర్బో కారు 410 సీసీ ఇంజెక్టర్లు వాడతారు, ప్లగ్ అడాప్టర్లు కావాలి.

కొనే ముందు మల్టీమీటర్‌తో ఇంజెక్టర్ రెసిస్టెన్స్ చూడండి. 12 నుంచి 16 ఓమ్స్ వస్తే హై ఇంపీడెన్స్, 2, 3 ఓమ్స్ వస్తే లో ఇంపీడెన్స్. మీ ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటర్) హై ఇంపీడెన్స్‌కి తయారైనదైతే లో రకాన్ని నేరుగా తగిలించకండి, ఈసీయూలో డ్రైవర్లు కాలిపోతాయి. పంపు గంటకు 255 లీటర్లు పోసేది, మంచి కంపెనీది పెట్టండి. స్టాక్ రెగ్యులేటర్ మ్యానిఫోల్డ్ వ్యాక్యూమ్ హోస్‌తో కలిసి ఉండే రకమైతే అది బూస్ట్‌కి సమానంగా ప్రెషర్ పెంచుతుంది, మీ బూస్ట్‌కి అదే చాలు. ఈసీయూ ట్యూనింగ్ మాత్రం తప్పనిసరి, ట్యూన్ చేయకుండా పెద్ద ఇంజెక్టర్లు పెడితే బండి ఐడిల్‌లోనే పొగ కక్కుతుంది.

ఇంకొకటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడానికి వీల్లేదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపేయడానికి ఇది చాలు. ఈ సంగతి గ్యారేజీ వాళ్లు చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను.

ప్రశ్న: నమస్తే సర్. టెక్సాస్‌లో ఉంటాం. 2000 మాజ్డా మియాటాకి టర్బో కిట్ పెడుతున్నాను, 12 పీఎస్‌ఐ బూస్ట్, వీల్స్ దగ్గర 220 హార్స్‌పవర్ టార్గెట్. మా దగ్గర బంకులో ఈ85 (ఈథనాల్ ఎక్కువ కలిపిన ఇంధనం) దొరుకుతుంది. ఫ్రెండ్స్ అంతా 450 లీటర్ల పంపు, 1300 సీసీ ఇంజెక్టర్లు, రిటర్న్ లైన్ కన్వర్షన్ (మిగిలిన పెట్రోలు ఇంజను దగ్గర నుంచి ట్యాంకుకి తిరిగి వెళ్లే పైపు వేయడం) అన్నీ ఒకేసారి చేసేయమంటున్నారు. డబ్బు కంటే మళ్లీ మళ్లీ విప్పడం అంటేనే నాకు టెన్షన్.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: మీ ఫ్రెండ్స్ చెప్పినవి 400 హార్స్‌పవర్ బండికి పెట్టే భాగాలు. మీ టార్గెట్‌కి అవి అక్కర్లేదు సరే, ఇబ్బంది కూడా పెడతాయి.

వీల్స్ దగ్గర 220 అంటే ఇంజను దగ్గర సుమారు 260. పైన చెప్పిన లెక్కే వేస్తే పెట్రోలు మీద గంటకు 156 పౌండ్లు, అంటే దాదాపు 95 లీటర్లు, ఇంజెక్టర్‌కి 80 శాతం దగ్గర 490 సీసీ చిల్లర. ఈ85 అదే పవర్‌కి ఘనపరిమాణంలో 35 నుంచి 40 శాతం ఎక్కువ కావాలి కాబట్టి 690 దాకా వెళ్తుంది, పంపు నుంచి 130 లీటర్ల పైచిలుకు. 750 నుంచి 1000 సీసీ మధ్య ఇంజెక్టర్లు తీసుకోండి. వాటి వెంట డెడ్ టైమ్ పట్టిక ఇచ్చేవాళ్ల దగ్గరే కొనండి. ఇంజెక్టర్ డైనమిక్స్, డీచ్‌వర్క్స్ లాంటివాళ్లు ఇస్తారు. డెడ్ టైమ్ అంటే కరెంటు ఇచ్చాక ఇంజెక్టర్ నిజంగా తెరుచుకోవడానికి పట్టే సమయం, బ్యాటరీ వోల్టేజీని బట్టి, పెట్రోలు ప్రెషర్‌ని బట్టి మారుతుంది. ఐడిల్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండేదే ఒకటి రెండు మిల్లీసెకన్లు, అందులో డెడ్ టైమ్ తప్పయితే ఏసీ వేసినప్పుడల్లా బండి ఊగుతుంది. నా ఉద్దేశంలో ఇంజెక్టర్ సైజు కంటే ఈ పట్టికే ముఖ్యం. రోజూ ఆఫీసుకి నడిపే బండి కాబట్టి మరీ ముఖ్యం.

పంపు సంగతి. డబ్బా మీద రాసిన 255, 340, 450 అనే అంకెలు తక్కువ ప్రెషర్, పదమూడున్నర వోల్టుల దగ్గర కొలిచినవి. ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు పోసేది తగ్గుతుంది, వోల్టేజీ 12కి పడితే ఇంకా తగ్గుతుంది. అందుకే కంపెనీ ఇచ్చే గ్రాఫ్‌లో మీ ప్రెషర్ దగ్గర, మీ వోల్టేజీ దగ్గర ఎంత వస్తుందో చూడాలి. మీకు కావలసింది 130 లీటర్లు, దానికి పావు వంతు మిగులు వేసుకుంటే 165. ఈథనాల్‌కి పనికొస్తుందని కంపెనీయే చెప్పిన 340 లీటర్ల తరగతి పంపు ఒకటి, పాత వైరింగ్ మీద ఆధారపడకుండా బ్యాటరీ నుంచి రిలేతో కొత్త వైరు, ఈ రెండూ చాలు. 450 పెడితే ఏమవుతుందంటే, ఐడిల్‌లో మీకు కావలసింది కొంచెమే, మిగిలిందంతా రెగ్యులేటర్ గుండా తిరిగి ట్యాంకులోకి పోవాలి. స్టాక్ రెగ్యులేటర్ అంత వదల్లేక ప్రెషర్ పైకి పాకుతుంది, పెట్రోలు తిరిగి తిరిగి వేడెక్కుతుంది, కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది. టెక్సాస్ ఎండలో ఇది చిన్న విషయం కాదు. వాల్‌బ్రో అనే పంపుల కంపెనీ పేరుతో నకిలీలు చాలా ఉన్నాయి, కాబట్టి ఏ బ్రాండయినా కంపెనీ గుర్తించిన డీలర్ దగ్గరే కొనండి.

రిటర్న్ కన్వర్షన్ ఇప్పుడే అవసరం లేదని నా మాట. 1999 నుంచి మియాటాకి రిటర్న్‌లెస్ పద్ధతి, రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉండి రైల్లో ఎప్పుడూ దాదాపు 4 బార్ ఉంచుతుంది. బూస్ట్ 0.8 బార్ వచ్చిందంటే ఇంజెక్టర్ మూతి దగ్గర గాలి అంత మేరకు ఎదురు తోస్తుంది, కాబట్టి నిజంగా పనిచేసే ప్రెషర్ 3.2 మాత్రమే. ఇంజెక్టర్ల సైజు సాధారణంగా 3 బార్ దగ్గర కొలిచి రాస్తారు, అంటే ఫుల్ బూస్ట్‌లో కూడా మీరు కొన్న సైజు మీకు దక్కుతుంది. స్టాండలోన్ ఈసీయూలో (కంపెనీదాని బదులు విడిగా కొని పెట్టేది) ఈ తేడా నమోదు చేస్తే అదే సరిచేసుకుంటుంది. ముందు ముందు బూస్ట్ బాగా పెంచుతానంటే అప్పుడు ఆలోచించవచ్చు, కానీ ఆ రోజుకి స్టాక్ కనెక్టింగ్ రాడ్లే ముందు అడ్డొస్తాయి.

ఈ85 అన్నారు కాబట్టి ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సార్ పెట్టకుండా మాత్రం వెళ్లకండి. అమెరికాలో ఆ పేరుతో అమ్మేదాంట్లో ఈథనాల్ సీజన్‌ని బట్టి 51 నుంచి 83 శాతం దాకా ఉండొచ్చు. ఎండాకాలం ట్యూన్ చేయించి చలికాలం అదే నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. మూడు వైర్ల సెన్సార్ అది, ఎంత శాతం ఉందో ఈసీయూకి చెబుతూ ఉంటుంది.

మళ్లీ మళ్లీ విప్పడం ఇష్టం లేదన్నారు కదా, అయితే మొదటిసారే రైలు మీద ప్రెషర్ సెన్సార్, ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ (గాలి, ఇంధనం పాళ్లు చూపే సెన్సార్) రెండూ బిగించి ఈసీయూకి కలిపేయండి. ప్రెషర్ అనుకున్నదాని కంటే పడితే ఈసీయూ వెంటనే బూస్ట్ కట్ చేసేలా పెట్టుకోవచ్చు. మీ దగ్గర బడ్జెట్ సగమే ఉంటే నేను టర్బో వాయిదా వేసి అయినా సరే ముందు ఇవే కొనమంటాను. వైడ్‌బ్యాండ్‌ని లాంబ్డాలో, అంటే ఏ ఇంధనానికైనా సరిగ్గా సరిపోయే గాలిని 1గా తీసుకునే కొలతలో, చదవడం అలవాటు చేసుకోండి, ఫుల్ బూస్ట్‌లో 0.80 దగ్గర ఉందంటే పెట్రోలయినా ఈథనాలయినా అర్థం ఒకటే. 14.7 లెక్కలో చదివితే ఇంధనం మారినప్పుడల్లా తికమక.

ప్రశ్న: నాది పోలో జీటీ 1.2 టీఎస్ఐ. స్టేజ్ 1 రీమ్యాప్ (భాగాలు మార్చకుండా ఈసీయూ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం) చేయించాలని ఉంది. దానికి ముందు పెద్ద ఇంజెక్టర్లు, ట్యాంకులో పెద్ద పంపు వేయాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అక్కర్లేదండీ, ఎవరైనా అమ్మబోతే కొనకండి. మీది డైరెక్ట్ ఇంజెక్షన్, పైన రాసిన లెక్కలు దానికి వర్తించవు. ట్యాంకులో పంపు పెట్రోలుని ఇంజను దాకా తెస్తుంది, అక్కడ క్యామ్ షాఫ్ట్ తిప్పే హై ప్రెషర్ పంపు దాన్ని 100 బార్ దాటించి నేరుగా సిలిండర్లోకి కొట్టిస్తుంది. పోర్ట్ ఇంజెక్టర్ (పై బండ్లలోలా సిలిండర్ బయటే చిమ్మేది) ఎప్పుడైనా తెరుచుకోవచ్చు, దీనికి ఆ వెసులుబాటు లేదు, పిస్టన్ ఫలానా చోట ఉన్నప్పుడే కొట్టాలి. 105 పీఎస్ బండిని స్టేజ్ 1లో పెంచే మేరకు స్టాక్ భాగాలే చాలు. ఆ బండికి ముందు అడ్డొచ్చేది పెట్రోలు కాదు, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. డీక్యూ200 రకం 250 న్యూటన్ మీటర్ల టార్క్ కోసం తయారైంది, రీమ్యాప్ చేసేవాళ్లు ఆ గీత దాటకుండా చూడండి. ట్యూన్ తర్వాత లాగ్ (బండి నడిచేటప్పటి రీడింగులు) తీయించి రైలు ప్రెషర్ అడిగినంత వస్తోందా లేదా పక్కపక్కన పెట్టి చూడండి. హై ఆర్‌పీఎంలో అడిగినదానికి వచ్చినదానికి తేడా కనిపిస్తే ముందు ఫిల్టర్, తర్వాత ట్యాంకు పంపు చెక్ చేయించాలి.

ప్రశ్న: మా మెకానిక్ టర్బో బండికి మామూలు రబ్బరు పైపు వేసి స్క్రూ క్లాంపులు బిగించాడు. లీకేమీ లేదు. వదిలేయొచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వదిలేయకండి, ఈ వారమే మార్పించండి. పంపులు, ఇంజెక్టర్ల గురించి వారాల తరబడి చదివేవాళ్లు కూడా పైపు దగ్గర నిర్లక్ష్యం చేస్తారు, ఇంజను బేలో మంటలకు దారితీసేది ఎక్కువగా ఇలాంటి చోటే. టర్బో పక్కన ఎగ్జాస్ట్ ఎర్రగా కాలుతుంటుంది, దాని మీద 3, 4 బార్ల ప్రెషర్‌తో పెట్రోలు చిమ్మితే ఏమవుతుందో ఆలోచించండి. ఇంజను దగ్గర ఫ్యూయల్ ఇంజెక్షన్ హోస్ వేయాలి, ఎస్‌ఏఈ 30ఆర్9 అని పైపు మీదే రాసి ఉంటుంది. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉండే ముక్కకి 30ఆర్10 అనేది వేరే ఉంది. 30ఆర్9ని ట్యాంకులో వేస్తే బయటి రబ్బరు పెట్రోలుకి మెత్తబడి పాడైపోతుంది, లోపల ఊడితే పంపు తిరుగుతూనే ఉంటుంది కానీ ఇంజనుకు పెట్రోలు రాదు. ఈథనాల్ ఎక్కువ ఉన్న ఇంధనం వాడేవాళ్లు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) లైనింగ్ ఉన్న హోస్‌కి వెళ్లడం మంచిది. గాట్లు ఉన్న స్క్రూ క్లాంపు పైపుని కోస్తుంది, దాని బదులు చుట్టూ సమానంగా పట్టే ఇంజెక్షన్ క్లాంపులు అడగండి. బిగించాక ఇంజను స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి పంపు నడిపించి ప్రతి జాయింటూ చేత్తో తడిమి చూడాలి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని.

ప్రశ్న: అరకు ఘాట్ ఎక్కేటప్పుడు వంపుల్లో నా టర్బో బండి ఒక్కోసారి తడబడుతుంది. సరళంగా ఉన్న రోడ్డు మీద ఏమీ ఉండదు. పంపు పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ట్యాంకులో అప్పుడు పెట్రోలు ఎంత ఉంది? పావు ట్యాంకు కంటే తక్కువ ఉంటే వంపులో పెట్రోలంతా ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. ఫుల్ ట్యాంకు కొట్టించి అదే వంపుల్లో, బూస్ట్ లేకుండా మెల్లగా ఎక్కి చూడండి. తడబాటు పోతే పంపు బాగానే ఉంది. కొత్త పంపు బిగించినప్పుడు దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ గిన్నె తీసేశారేమో, జల్లెడ అడుగుకి ఆనుతోందో లేదో కూడా విప్పి చూపించమనండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది. రోడ్డు బండికి సర్జ్ ట్యాంకు (పంపు గాలి పీల్చకుండా విడిగా పెట్టే చిన్న ట్యాంకు) దాకా వెళ్లనక్కర్లేదు. తేడా ఎక్కడో దొరికేదాకా ఘాట్‌లో అర ట్యాంకు తగ్గకుండా చూసుకోండి, తడబడిన క్షణం యాక్సిలరేటర్ వదిలేయండి.