ఐడిల్‌వైల్డ్ ఖాళీ ఊరు కాదండీ, పిల్లల్ని తీసుకునే వెళ్లండి

మిషిగన్‌లో లేక్ ఒడ్డున కాటేజీలున్న ఊళ్లలో కాస్త చరిత్ర ఉన్నది ఏదైనా ఉందా అని అడిగారు, ఐడిల్‌వైల్డ్ పేరు విన్నాం, ఒకప్పుడు నల్లజాతి కుటుంబాలు వేసవికి వచ్చే ఊరట, కానీ వీడియోల్లో అందరూ దాన్ని గోస్ట్ టౌన్ అంటున్నారు, పిల్లలతో అంతదూరం వెళ్లడం దండగేమో అన్నారు. దండగ కాదండీ. నేను నాలుగుసార్లు వెళ్లాను. ఆ గోస్ట్ టౌన్ అనే మాట వింటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అక్కడ మనుషులు కాపురాలు ఉంటున్నారు, చర్చికి వెళ్తున్నారు, వాకిట్లో రాలిన ఆకులు ఊడ్చుకుంటున్నారు.

మేం డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటాం, అక్కడికి కార్లో మూడు గంటల పైనే పడుతుంది. మొదటిసారి నన్ను తీసుకెళ్లింది ఆఫీసులో నాతో పనిచేసి రిటైరైన ఒక నల్లజాతి పెద్దాయన. వాళ్ల తాతగారు చికాగోలో రైల్లో పోర్టరు. ఆయన కొన్న స్థలంలోనే ఇప్పటికీ వాళ్ల కాటేజీ ఉంది.

ఆ ఊరు ఎలా పుట్టిందో మన భాషలో చెప్పాలంటే, వెంచర్ వేశారు. లేక్ కౌంటీలో కలప కోసం అడవి మొత్తం నరికేశాక మిగిలింది ఇసుక నేల, సేద్యానికి పనికిరాదు. 1912లో కొందరు తెల్లవాళ్లు కంపెనీ పెట్టి, చెరువుల చుట్టూ స్థలాన్ని ప్లాట్లు చేసి, నల్లజాతి వాళ్లకి అమ్మడం మొదలుపెట్టారు. 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు, అంటే దాదాపు 278 గజాలు. ధర 35 డాలర్లు, ముందు 6 డాలర్లు కట్టి, మిగతాది నెలకి ఒక డాలరు చొప్పున. చికాగో, డెట్రాయిట్ లాంటి ఊళ్ల నుంచి జనాన్ని తీసుకొచ్చి చూపించేవారు, అచ్చం మన సైట్ విజిట్ లాగానే. కంపెనీ చూసుకున్నది వ్యాపారమే, అందులో దాపరికం లేదు. కానీ కొన్నవాళ్లకి అది వేరే సంగతి. డబ్బున్నా, డాక్టరైనా, టీచరైనా, ఆ రోజుల్లో మిగతా రిసార్టుల్లో వాళ్లకి గది ఇచ్చేవారు కాదు, చాలాచోట్ల నీళ్లలో దిగనిచ్చేవారు కాదు. ఇళ్ల దస్తావేజుల్లోనే నల్లవాళ్లకి అమ్మకూడదని షరతు రాసుకునేవారు, అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. మా ఊరి మంచినీళ్ల చెరువులో దళితవాడ వాళ్లని బిందె ముంచనివ్వని రోజుల గురించి మా నాయనమ్మ చెప్పేది. ఐడిల్‌వైల్డ్‌లో చెరువుగట్టున నిలబడితే నాకు ముందు గుర్తొచ్చింది అదే.

మొదట్లో కట్టినవి ఒక్క గది చెక్క ఇళ్లు, వాటిని డాగ్‌హౌస్‌లు, అంటే కుక్కగూళ్లు అనేవారు. పెద్దాయన వాళ్ల ఇల్లు కూడా అలా మొదలైందే. ముందు ఒక గది, వెనక ఒక గది తర్వాత కలిపారు, పాత గది ఇప్పుడు మధ్యలో ఇరుక్కుపోయి సామాన్ల గది అయింది. దాని తలుపు పక్కన గోడకి తడి తువ్వాళ్లు తగిలించుకునే మేకులు వరసగా ఉన్నాయి, ఎనిమిది. ఒక్కో మేకు పైన నీలం రంగుతో ఒక్కో పిల్లవాడి పేరులో మొదటి అక్షరం. చిన్నపిల్లల మేకులు కిందకి, పెద్దవాళ్లవి పైకి. ఆయన అక్కగారు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి మా అమ్మాయి ముందు పెట్టారు, అందులో వాళ్ల తాతగారు కట్టిన నెల డాలరు రసీదులు. మా అమ్మాయి ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టింది, ఇరవై తొమ్మిది. ఒక్కటి కూడా పోలేదు.

పెద్దపెద్ద పేర్లు మీకు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1893లో చికాగోలో గుండె చుట్టూ ఉండే పొరకి కుట్లు వేసి మనిషిని బతికించిన డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్ ఇక్కడే స్థిరపడి 1931లో ఇక్కడే పోయారు, చెరువు మధ్యలోని దీవికి ఆయన పేరే. నల్లజాతి హక్కుల కోసం పోరాడిన రచయిత డబ్ల్యూ.ఇ.బి. డుబాయ్స్, తలకి రాసుకునే సామాన్ల వ్యాపారంలో పైకొచ్చిన మేడమ్ సి.జె. వాకర్ కూడా ఇక్కడ ప్లాట్లు కొన్నారు. 1950ల్లో ప్యారడైజ్ క్లబ్, ఫ్లెమింగో క్లబ్ వెలిగిపోయాయి, ఫోర్ టాప్స్, డెల్లా రీస్, జాకీ విల్సన్ లాంటివాళ్లు పాడారు. మంచి సీజన్‌లో పాతిక వేల మంది దాకా వచ్చేవారని చెబుతారు.

కానీ ఆ అక్కగారిని అడిగితే క్లబ్బుల గురించి రెండే ముక్కలు చెప్పారు, చిన్నపిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదట. ఆవిడకి గుర్తున్నది వేరే. స్కూళ్లు మూసేయగానే అమ్మలు పిల్లల్ని తీసుకుని వచ్చేసేవారు, నాన్నలు శుక్రవారం షిఫ్టు దిగి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చి, ఆదివారం సాయంత్రం మళ్లీ వెళ్లిపోయేవారు. వారమంతా ఏ ఇంటి పిల్లలు ఏ ఇంట్లో తింటున్నారో ఎవరికీ పట్టింపు లేదు. బోరింగు కొట్టి నీళ్లు మోయడం మగపిల్లల వంతు, చేపలు తోమడం ఆడపిల్లల వంతు, దాని మీద ఆవిడకి ఇప్పటికీ కోపమే! మన వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు ఎలాగో వాళ్లకి ఇది అలాగ. ప్లాట్ల ఓనర్లకి సంఘం ఉండేది, ఐడిల్‌వైల్డర్స్ క్లబ్బుకి వాళ్లవాళ్ల నగరాల్లో శాఖలుండేవి, చలికాలంలో కూడా అక్కడ కలుసుకుని వేసవికి ప్లాన్లు వేసుకునేవారు. నాకు ఐడిల్‌వైల్డ్ అంటే ఇదీ, స్టేజీ మీద పాడినవాళ్లు కాదు.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఏ హోటలైనా గది ఇవ్వాల్సిందే, ఏ బీచ్‌కైనా వెళ్లొచ్చు. దాంతో కుర్రవాళ్లు ఇన్నాళ్లూ రానివ్వని చోట్లు చూద్దామని అటు వెళ్లారు, క్లబ్బులు, మోటెళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. దాన్ని పతనం అని రాస్తుంటారు, నాకైతే ఆ మాట నచ్చదు, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లగలగడం కోసమే కదా వాళ్లు కొట్లాడింది. అదే ఊపులో మరుసటి ఏడాది, 1965లో, వలస చట్టం మారింది, మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఈ దేశం రావడానికి దారి పడింది అప్పుడే. ఈ సంగతి మా పిల్లలకి చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి చోటు దొరకలేదు.

ఇక మీరు వెళ్లే సంగతి. యూఎస్-10 మీద రీడ్ సిటీ దాటాక, బాల్డ్విన్‌కి కొంచెం ముందు వస్తుంది. కొంత భాగాన్ని 1979లోనే జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం ఉంది, తెరిచి ఉండే రోజులు ముందే కనుక్కోండి, మేం ఒకసారి అక్టోబర్‌లో వెళ్లి తాళం చూసి వచ్చాం. చుట్టూ నేషనల్ ఫారెస్ట్, దగ్గర్లోనే పియర్ మార్క్వెట్ నది. హోటళ్లు తక్కువ, పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి. పాడుబడినట్టు కనిపించే ఇళ్లలోకి మాత్రం వెళ్లకండి, ఫోటోల కోసమైనా సరే, వాటికి ఓనర్లున్నారు, పన్నులు కడుతున్నారు. ఎవరైనా వాకిట్లో కూర్చుని కనిపిస్తే చెయ్యి ఊపి పలకరించండి. మమ్మల్ని అలా పలకరించినందుకే ఒక పెద్దావిడ పిలిచి నిమ్మరసం ఇచ్చి, మా అబ్బాయి చేతిలో గాలం పెట్టి, చెరువులో చేపలు ఏ వైపున పడతాయో చూపించింది.