జాకెట్టు కొలత వేరు, బ్రా సైజు వేరు

ప్రశ్న: మాది గుంటూరు, వయసు 24. ఇంటర్ నుంచి 36బి వాడుతున్నాను. స్ట్రాపులు జారిపోతుంటాయి, బిగిస్తే భుజాల మీద గాట్లు పడుతున్నాయి, వెనక పట్టీ పైకి ఎక్కుతోంది. టేపుతో కొలిస్తే రొమ్ముల కింద 71, పైన 90 సెంటీమీటర్లు వచ్చింది. ఆన్‌లైన్ చార్టులో చూస్తే 32డి అంటోంది. నేను సన్నగానే ఉంటాను, డి ఎలా అవుతుంది? అమ్మేమో వైరున్నవి వద్దంటుంది. షాపులో మగవాళ్ళుంటే అడగలేను. అక్క పెళ్ళికి జాకెట్లు కుట్టించుకోవాలి, ఈలోపు ఇది తేలాలి.

జవాబు:

చార్టు సరిగ్గానే చెప్పింది. మీ 36 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఊహించగలను. మీ టైలరు పుస్తకంలో మీ పేరు పక్కన చెస్ట్ 36 అని ఉంటుంది, అవునా?

నాది విజయవాడ, పటమట. వయసు నలభై మూడు. అందులో పదిహేనేళ్ళు 38బి వేసుకునే గడిపాను. ఆ 38 ఇచ్చింది మా జాకెట్లు కుట్టే ఆయన. ఒంటి మీద కొలిస్తే 37 అంగుళాలు వచ్చేది, ఊపిరాడ్డానికి ఒక అంగుళం వదిలి 38 అని రాసుకునేవాడు. ఆ నంబరే అమ్మ షాపులో చెప్పేది: "ముప్పై ఎనిమిదివి, తెల్లవి రెండు, స్కిన్ కలర్ ఒకటి." మరి బి ఎక్కడిదంటే, ఆ షాపులో ఉన్నవన్నీ బి. అడిగినవాళ్ళు లేరు, చెప్పినవాళ్ళు లేరు. పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేసి ఇస్తే, దొంగతనం చేసినట్టు బ్యాగులో కుక్కుకుని బయటపడేవాళ్ళం.

మనలో చాలామంది చేసే పొరపాటు ఇదే. జాకెట్టు నంబరు రొమ్ముల మీదుగా చుట్టూ కొలిచింది. బ్రా మీది నంబరు రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ కొలిచిన దాన్నిబట్టి వచ్చేది. రెండూ ముప్పైల్లోనే ఉంటాయి కాబట్టి ఒకటే అనుకుంటాం.

నాకిది తెలిసింది ఆరేళ్ళ క్రితం. అంతకుముందు మెడనొప్పి, భుజాల నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళితే ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదని మాత్రలు రాసి పంపారు. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కదా, దానివల్లే అనుకున్నాను. మే నెలలో ఒకరోజు బీసెంట్ రోడ్డు పక్క సందులో, మేడ మీదున్న ఒక షాపుకి వెళ్ళాను. బాగుందని విని వెళ్ళలేదు, కింద ఎండ భరించలేక ఎక్కాను. అక్కడ యాభై దాటిన ఒకావిడ, మెడలో టేపు, పైట మీద పిన్నీసులు. సైజెంతమ్మా అంది. చెప్పాను. ఆవిడ నన్ను వెనక్కి తిప్పి, చుడీదార్ మీంచే వెనక పట్టీని రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. అరచెయ్యి దూరేంత సాగింది.

"ఇంత వదులైతే ఇంక వేసుకోవడం దేనికమ్మా?"

కింద 75, పైన 94 వచ్చింది. 34డి అంది. నేను గొడవపెట్టుకున్నాను. డి అంటే బాగా లావుగా ఉన్నవాళ్ళకని నా నమ్మకం, మీలాగే. ఆవిడ వాదించలేదు, ఒక పెట్టె చేతికిచ్చి, స్టాకు అట్టపెట్టెల మధ్య పాత దుప్పటి కట్టిన మూల చూపించింది. అదే ట్రయల్ రూము. వేసుకుంటే ముందు బిగుతుగా అనిపించింది. రెండు నిమిషాలయ్యాక భుజాల మీద బరువు లేదని గమనించాను. స్ట్రాపులు రెండూ కిందికి జార్చి చూశాను, అయినా ఎక్కడిదక్కడే ఉంది. ఆ దుప్పటి వెనక నిలబడి, కొంచెం ఏడుపొచ్చింది కూడా. పదిహేనేళ్ళు కదా.

ఇక లెక్క. మన దగ్గర దొరికే చాలా బ్రాండ్ల చార్టుల్లో కింద కొలత 68 నుంచి 72 సెంటీమీటర్లైతే 32, 73 నుంచి 77 అయితే 34, 78 నుంచి 82 అయితే 36, 83 నుంచి 87 అయితే 38. మీ 71 అంటే అంగుళాల్లో 28, మరి 32 ఎందుకంటారేమో. కింద కొలతకి నాలుగో అయిదో అంగుళాలు కలిపి సరిసంఖ్య చేసే పాత పద్ధతి ఇంకా నడుస్తోంది, అందుకు. అలా కలపకుండా నంబరు వేసే విదేశీ కంపెనీలూ ఉన్నాయి. కాబట్టి ఏ బ్రాండు కొన్నా సెంటీమీటర్ల వరసే చూడండి, నంబరు తర్వాత.

కప్పు అక్షరం పై కొలతకీ కింద కొలతకీ ఉన్న తేడా. తేడా 12 నుంచి 14 సెంటీమీటర్లుంటే ఏ, 14 నుంచి 16 బి, 16 నుంచి 18 సి, 18 నుంచి 20 డి. మీకు 90లో 71 తీసేస్తే 19. డి. ఇందులో లావు, సన్నం ప్రసక్తే లేదు. 32డి కప్పులో పట్టేదీ 38డి కప్పులో పట్టేదీ ఒకటి కాదు, పట్టీ నంబరు పెరిగే కొద్దీ అదే అక్షరానికి కప్పు పెద్దదవుతుంది. ఈ అక్షరాల పద్ధతి 1930లలో అమెరికాలో మొదలైంది. ఇన్నేళ్ళయినా మన కౌంటర్ల దాకా సగమే వచ్చింది. నంబరు అడుగుతారు, అక్షరం అడగరు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. 36బి, 34సి, 32డి, ఈ మూడింటిలో కప్పు పరిమాణం దాదాపు ఒకటే. పట్టీ ఒక సైజు తగ్గితే అక్షరం ఒకటి పెరుగుతుంది. అంటే ఇన్నాళ్ళూ మీ కప్పు తప్పు కాదు, పట్టీయే తప్పు. బిందె అదే, కింద చుట్టకుదురు పెద్దదైపోయింది. నా 38బి, 34డి కూడా అంతే. 38 పట్టీ 83 దాటిన ఒంటికి, నాది 75. బరువు మోయాల్సిన పట్టీ వదులైతే ఆ పని స్ట్రాపుల మీద పడుతుంది. వాటిని బిగిస్తాం, ముందు భాగం బరువుకి వెనక పట్టీ మెడ వైపు ఎక్కుతుంది, ఎక్కేసరికి స్ట్రాపులు మళ్ళీ వదులై జారతాయి. మీరు రాసిన మూడు కష్టాలూ ఆ ఒక్కదాని నుంచి వచ్చినవే.

కొలిచేటప్పుడు మీరు ప్యాడ్ ఉన్నది వేసుకుని ఉంటే పై కొలత మళ్ళీ తీసుకోండి. ప్యాడ్ లేని పల్చటిది వేసుకుని, అద్దం ముందు టేపు వెనక కిందికి జారకుండా చూసుకుని, కింద కొలత ఊపిరి వదిలి బిగువుగా, పై కొలత వదులుగా తీయాలి. నెలసరి ముందు రోజుల్లో రొమ్ములు ఉబ్బి ఉంటాయి, అప్పుడు కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. ఇంత చేసినా వచ్చేది ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే నంబరే. ఒక్కో కంపెనీ కుట్టు ఒక్కోలా ఉంటుంది, వేసుకుని చూడాల్సిందే.

వేసుకునే పద్ధతి కూడా ఆ మేడ మీది షాపు ఆవిడే నేర్పింది. ముందుకి వంగి కప్పుల్లోకి చేర్చుకుని, వెనక హుక్కు పెట్టుకుని, నిలబడ్డాక చెయ్యి లోపలికి పోనిచ్చి చంక వైపు మిగిలినదాన్ని ముందుకి తెచ్చుకోవాలి. ఇది చెయ్యకపోతే సరైన సైజు కూడా పెద్దదిగా కనిపించి, చిన్నది కొనేస్తాం. కొత్తది ఎప్పుడూ అన్నిటికన్నా వదులుగా ఉండే చివరి హుక్కు మీద సరిపోవాలి. ఎలాస్టిక్ సాగే కొద్దీ లోపలి వరసలకి వెళ్ళడానికే ఆ రెండు మూడు వరసలు. నా 38ని కొన్న రోజు నుంచే లోపలి హుక్కుకి పెట్టుకునేదాన్ని, సాగాక ఇంక వెళ్ళడానికి చోటేదీ?

పట్టీ ఒక్కటే చూడాలంటే, కప్పులు వీపు వైపుకి వచ్చేలా తిరగేసి హుక్కు పెట్టుకోండి. అప్పుడు కప్పుల గొడవ ఉండదు, రెండు వేళ్ళు దూరి ఊపిరి హాయిగా ఆడితే ఆ పట్టీ మీది. తర్వాత మామూలుగా వేసుకుని, దండెం మీద బట్టలు ఆరేస్తున్నట్టు చేతులు రెండూ పైకెత్తండి. పట్టీ కదలకూడదు. ముగ్గు వేస్తున్నట్టు వంగండి. పైనుంచి పొంగితే కప్పు చిన్నది. రొమ్ముల మధ్య వచ్చే బ్రా భాగం ఒంటికి ఆనకుండా గాల్లో ఉన్నా, చాలాసార్లు కారణం అదే. కప్పు పైన ఖాళీగా ముడతపడితే మాత్రం పెద్దదని తేల్చెయ్యకండి, ఒక్కోసారి ఆ ఆకారం మనకి నప్పదంతే. నాకు అచ్చుపోసినట్టుండే టీషర్టు బ్రాలు ఏ సైజులోనూ కుదరలేదు, కుట్లున్న మామూలు కాటన్‌వే కుదిరాయి. చూడ్డానికి అమ్మమ్మ కాలంనాటి బాడీల్లా ఉంటాయి, ఉండనివ్వండి.

వైరు విషయం. మీ అమ్మగారి భయం క్యాన్సర్ గురించైతే, 2014లో అమెరికాలో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ కేంద్రం వాళ్ళు 55 ఏళ్ళు దాటిన సుమారు పదిహేను వందల మంది ఆడవాళ్ళ మీద చేసిన పరిశీలనలో, వైరుకి గానీ, రోజుకి ఎన్ని గంటలు వేసుకుంటారన్నదానికి గానీ రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం కనబడలేదు. వైరు గుచ్చుకుంటోందంటే చాలాసార్లు సైజు తప్పనే అర్థం. అది రొమ్ము మీద కాకుండా, కిందుగా పక్కటెముకల మీద కూర్చోవాలి. అయినా మీకు వైరు తప్పనిసరి ఏమీ కాదు, పట్టీ సరిపోతే లేకుండానే బాగుంటుంది. రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, అది బ్రా సంగతి కాదు, డాక్టరుకి చూపించాలి.

షాపు సంగతి. గుంటూరులో అయినా ఇక్కడ అయినా, ఆడవాళ్ళు కౌంటర్లో ఉండే షాపు చూసుకుని, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. సాయంత్రం రద్దీలో ఎవరికీ మీ కొలత తీసే ఓపిక ఉండదు. ట్రయల్ రూము ఉందా అని మొదటి మాటగా అడగండి. లేదంటే నవ్వి వచ్చెయ్యండి. చిన్న షాపుల్లో 32డి ఉండకపోవచ్చు, "34బి తీసుకోండమ్మా, అదే సరిపోతుంది" అంటారు. సరిపోదు, కప్పు ఒకటి తగ్గిపోతుంది. రాజీ పడక తప్పకపోతే 34సి తీసుకుని లోపలి హుక్కు పెట్టుకోండి. ఆన్‌లైన్లో అయితే 32డి, 34సి రెండూ తెప్పించి ఒకటి వెనక్కి పంపవచ్చు. కానీ ఇన్నర్స్‌కి రిటర్న్ లేని చోట్లు చాలా ఉన్నాయి, ముందే చదవండి. ఒకేసారి అరడజను కొనకండి. ఒకటి కొని, పది రోజులు వాడి, అప్పుడు మిగతావి.

మన ఎండలకి రొమ్ముల కింద చెమట నిలిచి ఒరుసుకుపోయి ఎర్రగా అవుతుంది. వదులు బ్రా కింద ఇంకా ఎక్కువ, ఎత్తి పట్టుకునేది లేక చర్మం మీద చర్మం ఆనుతుంది కాబట్టి. కాటన్ లైనింగ్ ఉన్నది మంచిది, రోజూ మార్చాలి. మా ఇంట్లో బ్రాలని తువ్వాలు కింద దాచి ఆరేసేవాళ్ళం, వానాకాలం రెండ్రోజులైనా చెమ్మ వాసన పోయేది కాదు. ఇప్పుడు నీడలో, గాలి తగిలేలా, నడి తీగ మీదే వేస్తున్నాను. అమ్మ ఇప్పటికీ వచ్చినప్పుడల్లా దాని మీద తువ్వాలు కప్పి పోతుంది. గట్టిగా పిండకండి, ఎలాస్టిక్ పోతుంది.

చివరిగా జాకెట్లు. ఇంకా ఇవ్వకపోతే ఆపండి. నేను 34డికి మారిన వారానికే బీరువాలో జాకెట్లన్నీ తేడా కొట్టాయి. రొమ్ము రెండు వేళ్ళ ఎత్తు పైకి వెళ్ళింది, డాట్లు మాత్రం పాత చోటే ఉన్నాయి, కింద ఖాళీగా మడతపడేది. టైలరు దగ్గరికి తీసుకెళితే "నేను కుట్టింది తప్పు కాదమ్మా, కొలతలిచ్చిన రోజు మీరే కిందికున్నారు" అన్నాడు. ఆరు జాకెట్లు విప్పి కుట్టించాను, రెండిట్లో లోపల గుడ్డ మిగల్లేదు, చెల్లికి ఇచ్చేశాను. ముందు 32డి కొని, అది వేసుకుని వెళ్ళి కొలతలివ్వండి. కాగితం మీద చెస్ట్ 36 అనే రాసుకుంటాడు, రాసుకోనివ్వండి. భుజం నుంచి డాట్ దాకా ఉన్న కొలత మాత్రం పాత పుస్తకంలోంచి ఎక్కించకుండా కొత్తగా తీయమనండి.