కంపెనీలను రప్పించే కమిటీలో చేరిన మా అమ్మాయికి

చిరంజీవి చిన్నారికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆర్థికాభివృద్ధి సలహా కమిటీలోకి నిన్ను తీసుకున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! అమెరికాలో మనవాళ్ళు ఇళ్ళు కొంటారు, పన్నులు కడతారు, పిల్లల బడి గురించి గంటలు గంటలు మాట్లాడతారు. ఆ పన్ను ఎటు పోవాలో, ఎవరికి వదిలెయ్యాలో తేల్చే గదిలో కూర్చునేవాళ్ళు మాత్రం తక్కువ. నువ్వు కూర్చోబోతున్నావు. మొదటి మీటింగ్‌లోనే ఒక గిడ్డంగి కంపెనీకి పదేళ్ళ పన్ను మినహాయింపు ఇచ్చే విషయం వస్తుందట కదా. ఏం అడగాలో తెలియక కంగారుగా ఉందన్నావట. వర్జీనియాలో మా లౌడన్ కౌంటీలో ఇలాంటి కమిటీల్లో చాలాకాలం పనిచేసినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ఏ కాగితం నీ ముందు పెట్టినా ముందు ఒక్కటే అడుగు: ఈ కంపెనీ రేపు వెళ్ళిపోతే మనకు ఏం మిగులుతుంది? రోడ్డు మిగులుతుందా, నీళ్ళ పైపు మిగులుతుందా, పని నేర్చిన మనుషులు మిగులుతారా, అప్పు మిగులుతుందా? ఎన్ని ఉద్యోగాలు వస్తాయని అందరూ అడుగుతారు. నువ్వు ఇది అడుగు.

మా ఊరి సంగతే చూడు. యాష్‌బర్న్ వచ్చినప్పుడు కిటికీలు లేని ఆ బూడిదరంగు భవనాలు చూశావుగా, అవన్నీ డేటా సెంటర్లే, అంటే ఇంటర్నెట్‌ను నడిపే కంప్యూటర్లు బారులు తీరి ఉండే భవనాలు. 1962లో డల్లెస్ ఎయిర్‌పోర్టు తెరిచేనాటికి ఈ చుట్టుపక్కలంతా పొలాలూ పాడి పశువులే. తొంభైల్లో ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ తన ప్రధాన కార్యాలయాన్ని డల్లెస్‌కు తెచ్చుకుంది. ఆ దశాబ్దం చివర్లో ఈక్వినిక్స్ అనే కంపెనీ యాష్‌బర్న్‌లో నెట్‌వర్కులన్నీ ఒకచోట కలుసుకునే కేంద్రం పెట్టింది. నేల కింద ఇంటర్నెట్‌ను మోసే ఫైబర్ తీగలు విపరీతంగా పరిచారు. తర్వాత డాట్‌కామ్, అంటే ఆనాటి ఇంటర్నెట్ కంపెనీల జోరు, కుప్పకూలింది, 2007లో ఏఓఎల్ ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్క్‌కు మారుస్తున్నట్టు ప్రకటించింది. అప్పుడు ఈ కౌంటీ పని అయిపోయిందనుకున్నవాళ్ళు చాలామంది. కానీ ఫైబర్ ఎక్కడికీ పోలేదు. దాని వెంటే డేటా సెంటర్లు ఒక్కొక్కటే వచ్చాయి. పేరున్న కంపెనీ పోయినా, దాని కోసం నేలలో వేసినది ఇరవై ఏళ్ళు అన్నం పెట్టింది.

రెండో విషయం ఇంకా ముఖ్యం. డేటా సెంటర్లు కొనే కంప్యూటర్ల మీద అమ్మకపు పన్నును వర్జీనియా రాష్ట్రం మాఫీ చేసింది. కానీ లౌడన్ కౌంటీ తన చేతిలో ఉన్న పన్నును వదులుకోలేదు. లోపలి సామగ్రి మీద వంద డాలర్ల విలువకు నాలుగు డాలర్లకు పైనే వసూలు చేస్తూనే వచ్చింది. సర్వర్లు, అంటే ఆ లోపలి కంప్యూటర్లు, నాలుగైదేళ్ళకోసారి మారుస్తారు కాబట్టి పాతవాటి విలువ పడిపోయేలోపు కొత్తవి వచ్చేస్తాయి. పక్కనే ఉన్న ప్రిన్స్ విలియం కౌంటీ అదే పన్నును 1.25 డాలర్ల దగ్గర ఉంచింది. తర్వాత మెట్టు మెట్టుగా పెంచుతూ 2024కి 3.70కి తెచ్చుకుంది. రేటు తక్కువగా ఉంటేనే వస్తారని వాళ్ళనుకున్నారు. ఎక్కువగా ఉన్నా లౌడన్‌కే వచ్చారు. కారణం ఫైబర్, కరెంటు, అనుమతులు చప్పున దొరకడం. దాని ఫలితం నా ఇంటి పన్ను కాగితం మీదే కనిపిస్తుంది: 2020లో వంద డాలర్ల విలువకు 1.035 డాలర్లున్న ఇంటి పన్ను రేటు 2025లో 0.805కి దిగింది. ఇళ్ళ విలువలు పెరిగాయి కాబట్టి బిల్లు అంతగా తగ్గలేదు, నిజమే. అయినా ఇన్ని బళ్ళు కట్టుకుంటూ రేటు తగ్గించుకున్న కౌంటీలు ఎన్నో లేవు.

అలాగని మా కౌంటీని ఉన్నదున్నట్టు అనుకరించమని చెప్పడం లేదు. ఒకే పంట మీద బతికే రైతుకుండే భయం ఇప్పుడు లౌడన్‌కు ఉంది. కోవిడ్ తర్వాత ఒక ఏడాది ఈ సామగ్రి పన్ను అంచనా తప్పి బడ్జెట్‌కు పెద్ద గండి పడింది. 2022 వేసవిలో ఇక్కడి కరెంటు కంపెనీ డొమినియన్ ఎనర్జీ, తూర్పు లౌడన్‌లో కొత్త డేటా సెంటర్లకు అడిగినంత కరెంటు అడిగినప్పుడు ఇవ్వలేమని చెప్పింది. హైటెన్షన్ లైన్లు ఇళ్ళ పక్కగా వేస్తామంటే జనం ఎదురు తిరిగారు. ఎకరం ధర మిలియన్లలోకి వెళ్ళిపోయి, చిన్న తయారీ యూనిట్ పెట్టుకునేవాడికి స్థలమే దొరకడం లేదు. చివరికి 2025 మార్చిలో కౌంటీని పాలించే సూపర్‌వైజర్లు నిబంధన మార్చారు. ఇక డేటా సెంటర్ ఏదైనా సరే, నేరుగా కట్టేసుకోవడానికి వీల్లేదు, బహిరంగ విచారణకు వచ్చి తీరాలి. ఆ నిబంధన పదేళ్ళ ముందే వచ్చుంటే బాగుండేదని నేను గట్టిగా నమ్ముతాను. జోనింగ్ కాగితాల్లో, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనల్లో, 'హక్కుగా కట్టుకోవచ్చు' అన్న జాబితాలో మీ కౌంటీ ఏమేం పెట్టిందో ఇంటికెళ్ళి చదువు. విసుగు పుట్టించే చదువే. కానీ మీ ఊరు ఇరవై ఏళ్ళ తర్వాత ఎలా ఉంటుందో ఆ జాబితాలోనే ఉంటుంది.

ఇక ఒప్పందాల సంగతి. విస్కాన్సిన్‌లో రసీన్ కౌంటీ ఉంది, అందులో మౌంట్ ప్లెజెంట్ అని ఒక ఊరు. 2017లో ఫాక్స్‌కాన్, అంటే హైదరాబాద్ దగ్గర మన కొంగరకలాన్‌కు వచ్చిన కంపెనీయే, అక్కడ 10 బిలియన్ డాలర్లు పెట్టి 13,000 ఉద్యోగాలు ఇస్తానంది. రాష్ట్రం దాదాపు 3 బిలియన్ల రాయితీలు రాసిచ్చింది. ఊరూ కౌంటీ కలిసి అప్పు తెచ్చి భూములు సేకరించాయి, రోడ్లు, నీళ్ళ లైన్లు వేశాయి. ఏళ్ళ తరబడి ఉంటున్న ఇళ్ళను ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళున్నారు. 2021కి వచ్చేసరికి కొత్త ఒప్పందంలో మిగిలింది 672 మిలియన్ల పెట్టుబడి, 1,454 ఉద్యోగాలు, గరిష్ఠంగా 80 మిలియన్ల రాయితీ.

ఈ కథ చెప్పి చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నువ్వు దాని తర్వాతి భాగం నేర్చుకోవాలి. రాష్ట్రం డబ్బు ముందే చేతిలో పెట్టలేదు, ఉద్యోగాలు లెక్క చూపిస్తేనే ఇస్తానని రాసుకుంది. అందుకే అంత పెద్ద మొత్తం పోలేదు. ఊరు కూడా, భవనాలు కట్టినా కట్టకపోయినా 1.4 బిలియన్ల ఆస్తికి ఎంత పన్నవుతుందో అంతా కట్టాలని కంపెనీ చేత ముందే ఒప్పించుకుంది. ఆ ఒక్క వాక్యం లేకపోతే తెచ్చిన అప్పు ఊరివాళ్ళ నెత్తిన పడేది. తర్వాత ఆ రోడ్లూ నీళ్ళూ చూసుకునే మైక్రోసాఫ్ట్ వచ్చింది, 2024 మేలో 3.3 బిలియన్ల డేటా సెంటర్ ప్రకటించింది. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు ఇదేమీ ఓదార్పు కాదు, వాళ్ళ బాధ నేను తక్కువ చెయ్యను. అందుకే అంటున్నాను, భూసేకరణ ఉన్న ఒప్పందమైతే నీ చెయ్యి అంత తేలిగ్గా పైకి లేవకూడదు.

అమెజాన్ రెండో ప్రధాన కార్యాలయం కోసం 238 చోట్ల నుంచి ప్రతిపాదనలు వెళ్ళాయి, గుర్తుందిగా. 2018లో మాకు దగ్గర్లోని ఆర్లింగ్టన్ కౌంటీకి దక్కింది. అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తామన్న ఊళ్ళున్నాయి. ఆర్లింగ్టన్ ఇస్తానన్నది 23 మిలియన్ల అంచనా, అదీ హోటల్ గదుల పన్నులో పెరిగిన భాగంలోంచి. హోటళ్ళు నిండితేనే ఇచ్చేది. వర్జీనియా మొదటి 25,000 ఉద్యోగాలకు ఒక్కొక్కదానికి 22,000 డాలర్లు, అదీ ఉద్యోగం వచ్చాకే అంది. దాంతోపాటు కంప్యూటర్ చదువులకూ రవాణాకూ భారీగా ఖర్చు పెట్టడానికి సిద్ధపడింది. అలెగ్జాండ్రియాలో వర్జీనియా టెక్ క్యాంపస్ అలా వచ్చిందే. 2023 మార్చిలో అమెజాన్ రెండో దశ భవనాల్ని ఆపేసింది. క్యాంపస్ ఆగలేదు, అక్కడ చదివే పిల్లలు ఏ కంపెనీకైనా వెళ్ళొచ్చు.

మీ గిడ్డంగి దగ్గరికి వద్దాం. పదేళ్ళు ఆస్తి పన్ను వదిలేస్తే పోయేది కౌంటీ డబ్బు ఒక్కటే అనుకోకు. చాలా రాష్ట్రాల్లో అందులో పెద్ద వాటా బడిది. స్కూల్ బోర్డు వాళ్ళను అడిగారా లేదా, బడికి ఏటా ఎంత తగ్గుతుంది, ఆ మేరకు కంపెనీ ఏమైనా కడుతుందా అని అడుగు. గిడ్డంగులకు స్థలం ఎక్కువ, లారీలు ఎక్కువ, రేపు యంత్రాలొస్తే మనుషులు తక్కువ. గంటకు జీతమెంత, అందులో పూర్తికాలపువి ఎన్ని, ఏజెన్సీ మనుషులు ఎందరు, ఇవి విడివిడిగా రాయించు. మాట తప్పితే రాయితీ వెనక్కి తీసుకునే షరతు ఉండాలి. దాన్ని ఇక్కడ క్లాబ్యాక్ అంటారు. అది ఉన్నా సరే, ఎవరు లెక్క చూస్తారు, ఏ నెలలో చూస్తారు అన్నది రాసి లేకపోతే ఉండీ లేనట్టే. మీ కౌంటీ ఇప్పటికే ఎంత పన్ను వదులుకుందో తెలుసుకోవడం కష్టమేం కాదు. ప్రభుత్వ లెక్కల ప్రమాణాల్లో 77వ నిబంధన వచ్చాక, ఆ ప్రమాణాలు పాటించే కౌంటీలు వార్షిక ఆర్థిక నివేదిక చివరి నోట్స్‌లో ఈ మినహాయింపుల మొత్తం చూపించాలి. మీటింగ్‌కు ముందు అది తెరిచి, ఆ అంకె ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళు.

ఇక నా మనసుకు దగ్గరైన విషయం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. చాలా కౌంటీల్లో ఎక్కువ ఉద్యోగాలు పుట్టేది అప్పటికే అక్కడున్న వ్యాపారాల్లోంచే. వాళ్ళ గడప మాత్రం ఎవరూ తొక్కరు. మనకు తెలిసినావిడ ఒకరు, ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతూ డబ్బు కూడబెట్టుకుని, ఓ స్ట్రిప్ మాల్‌లో టిఫిన్ సెంటర్ పెట్టబోయారు. మా కౌంటీలో కాదు, వేరే చోట. పొయ్యి పైన పొగ లాగే హుడ్ తనిఖీ ఒకరిది, మురుగులోకి నూనె పోకుండా ఆపే గ్రీజ్ ట్రాప్ ఇంకొకరిది, ఆరోగ్య శాఖ ప్లాన్ మరొకరిది. గ్రీజ్ ట్రాప్ సైజు మార్చమన్నారు. మార్చాక, ప్లాన్ మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు. ఈలోగా నెల తిరిగేసరికి అద్దె కట్టాల్సిందే. గ్రైండరు ప్లాస్టిక్ కవర్లోనే ఉంది, పనికి ఒప్పుకున్న ఇద్దరు ఆడవాళ్ళు వేరే చోటికి వెళ్ళిపోయారు. ఆవిడ అడిగింది రాయితీ కాదు. మూడు శాఖలూ ఏం కావాలో ఒకేసారి చెబితే చాలన్నారు.

ఇలాంటివాళ్ళ కోసం ఒక మనిషిని పెట్టించు. అనుమతుల కౌంటర్ దగ్గర చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి, వీలైతే స్పానిష్ తెలిసినవాళ్ళు. ఒక్క జీతం ఖర్చుతో అయ్యే పని. గిడ్డంగికి వదిలే పన్నుతో పోల్చి చూడు. అలాగే నెలకు నాలుగైదు చిన్న కంపెనీలకు కమిటీ సభ్యులు స్వయంగా వెళ్ళాలని తీర్మానం పెట్టు. వెళ్ళినప్పుడు 'ఎలా ఉంది వ్యాపారం' అని ఊరికే అడిగితే 'బాగుంది' అంటారు. లీజు ఎప్పుడు అయిపోతుంది, ఎవరు దొరక్క పని ఆగుతోంది, ఈ మధ్య వేరే రాష్ట్రం నుంచి ఫోన్ ఏమైనా వచ్చిందా అని అడుగు. మనవైపు నుంచి జారిపోబోయే కంపెనీ ఆ మూడో ప్రశ్న దగ్గరే బయటపడుతుంది.

బయటి కంపెనీల కోసం చెయ్యాల్సింది చెయ్యాలి, కాదనను. వాళ్ళు నేరుగా రారు. సైట్ సెలెక్టర్లనే సలహాదారులు ప్రాజెక్టుకు ఏదో మారుపేరు పెట్టి, రెండు వారాల్లో వివరాలు పంపమంటారు. ఎన్ని ఎకరాలు, ఎన్ని మెగావాట్లు, రోజుకు ఎన్ని గ్యాలన్లు, మురుగునీటి సామర్థ్యం ఎంత అని అడుగుతారు. అప్పుడు వెతుక్కునే కౌంటీ అక్కడే ఓడిపోతుంది. ఒకట్రెండు స్థలాలకు నేల పరీక్షలు, పర్యావరణ నివేదిక, చిత్తడి నేలల సర్వే ముందే చేయించి, కరెంటు కంపెనీ నుంచి రాతపూర్వకంగా ఉత్తరం తీసుకుని ఉంచమను. ఆ కంపెనీ రాకపోయినా ఆ కాగితాలు మీ దగ్గరే ఉంటాయి, ఇంకొకరికి పనికొస్తాయి.

గోప్యతా పత్రం మీద సంతకం పెట్టమంటే పూర్తిగా చదివి పెట్టు. కంపెనీ పేరు కొన్నాళ్ళు దాచడం సబబే. నీళ్ళు ఎన్ని, కరెంటు ఎంత, పన్ను ఎంత వదులుతున్నాం అన్నవి ఓటింగ్‌కు ముందు జనానికి తెలియాల్సిందే. ఆ విషయంలో ఎంత పెద్దవాళ్ళు చెప్పినా వెనక్కి తగ్గకు.

గిడ్డంగి ఒప్పందం ముసాయిదా వెబ్‌సైట్‌లో పెట్టగానే లింకు పంపించు. వార్షిక నివేదికలో ఆ నోట్ కూడా పంపు. శనివారం పొద్దున్న ఫోన్‌లో ఇద్దరం ఒక్కొక్క పేజీ చదువుదాం. పెద్దమ్మ నిన్నూ పిల్లల్నీ అడిగినట్టు చెప్పమంది.

ఆశీస్సులతో,
పెదనాన్న