మాడ్ అమ్మాక డబ్బు వెనక్కి అడిగితే...

ప్రశ్న: యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 గేమ్‌కి ఆర్టీసీ బస్సు మాడ్‌లు (గేమ్‌లో కొత్త వాహనాలు, మార్పులు చేర్చే ఫైళ్లు) చేసి 199 రూపాయలకు అమ్ముతున్నాను. ఫైలు పంపిన గంటలోపే కొందరు ‘పనిచెయ్యట్లేదు, డబ్బు వెనక్కి వెయ్యండి’ అంటారు. వేస్తే, వారం తిరక్కుండా అదే బస్సు టెలిగ్రామ్‌లో ఉచితంగా కనిపిస్తోంది. ‘రిఫండ్ లేదు’ అని రాసేసుకోమంటారా?
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: అలా రాస్తే నిజాయితీగా కొనేవాళ్లే ముందు వెనక్కి తగ్గుతారు. కాజేసేవాడు ఎలాగూ ఏ షరతూ చదవడు.

గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో గేమ్ కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగిస్తారు. అక్కడ అది చెల్లుతుంది, ఎందుకంటే డబ్బు వెనక్కి వెళ్లగానే గేమ్ లైబ్రరీలోంచి పోతుంది. మీ మాడ్ ఉండే ఎస్‌సీఎస్ ఫైలు మాత్రం కొన్నవాడి డాక్యుమెంట్స్ ఫోల్డర్లోనే ఉండిపోతుంది. 2015 ఏప్రిల్‌లో స్టీమ్ స్కైరిమ్ అనే గేమ్ మాడ్‌లను అమ్మకానికి పెట్టి 24 గంటల రిఫండ్ గడువు ఇచ్చింది. ఫైలు కాపీ చేసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఆ పథకాన్ని నాలుగు రోజుల్లోనే ఎత్తేశారు. దానికి అసలు కారణం ఆటగాళ్ల ఆగ్రహమే అనుకోండి, కానీ ఈ చిక్కు అప్పటినుంచీ అలాగే ఉంది.

కాబట్టి పరీక్ష కొనకముందే జరగాలి. అదే బస్సును ఒకే రంగులో, హారన్, ఇంజిన్ శబ్దాలు తీసేసి ఉచితంగా ఇవ్వండి. ఏ గేమ్ వెర్షన్‌కు చేశారో పక్కనే రాయండి. ‘ఉచిత కాపీ మీ సిస్టమ్‌లో నడిస్తేనే కొనండి, చెప్పిన వెర్షన్‌లో అసలు మాడ్ నడవకపోతే 7 రోజుల్లో డబ్బు వాపసు’ అన్న షరతు సరిపోతుంది.

పనిచెయ్యట్లేదన్నవారిని స్క్రీన్‌షాట్ అడక్కండి, గేమ్ లాగ్ అడగండి. డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరున్న ఫోల్డర్లో ఉండే టెక్స్ట్ ఫైలు అది. అందులో గేమ్ వెర్షన్, ఎక్కిన మాడ్‌ల జాబితా, ఎర్రర్ లైన్లు ఉంటాయి. చాలాసార్లు తప్పు మాడ్‌ది కాదు: జిప్ విప్పకుండా ఫోల్డర్లో వేసి ఉంటారు, గేమ్‌లోని మాడ్ మేనేజర్లో ఆన్ చెయ్యరు, లేదా వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరేచోటికి మార్చేసి ఉంటుంది. జాబితాలో మీ మాడ్ పేరే లేదంటే సంగతి ఇదే. పేరు ఉండి, దాని ఫైళ్లమీదే ఎర్రర్లు వస్తే తప్పు మీదే, వాదించకుండా వాపసు చెయ్యండి. లాగ్ అడగ్గానే మాయమయ్యేవారి సంగతి మీకే తెలుస్తుంది.

ఎవరు లీక్ చేశారో పట్టాలంటే ప్రతి కాపీకి గుర్తు పెట్టండి. బస్సు నంబర్ ప్లేటు మీద ‘టీజీ 09’ తర్వాత వచ్చే అంకెలను ఆర్డర్ నంబరుగా మారిస్తే, యూట్యూబ్ వీడియోలో కూడా కొన్నవాడెవరో బయటపడుతుంది. ప్లేటు మార్చేస్తారు కాబట్టి సీటు కింది టెక్స్చర్‌లో (పైన అతికించే బొమ్మలో) రెండో గుర్తు దాచండి. ఫైలుకు లాక్ వేసుకోండి గానీ దాని మీద భరోసా పెట్టుకోకండి.

యూపీఐ విషయంలో ఒక హెచ్చరిక. డబ్బు వచ్చిందా అన్నది మీ బ్యాంకు యాప్‌లో చూసుకోండి, వాళ్లు పంపే స్క్రీన్‌షాట్‌లో కాదు. వాపసు ఎప్పుడూ డబ్బు వచ్చిన యూపీఐ ఐడీకే చెయ్యండి. ‘మా తమ్ముడి నంబర్‌కు వెయ్యండి’ అంటే కుదరదనండి. 12 అంకెల యూటీఆర్ నంబరు (లావాదేవీ గుర్తింపు సంఖ్య) రాసిపెట్టుకోండి.

ఇక ఆర్టీసీ లోగో సంస్థది. పైగా గేమ్ ఒప్పందం అమ్మకానికి ఒప్పుకుంటుందో లేదో చూడండి. మైన్‌క్రాఫ్ట్ గేమ్ అయితే మాడ్‌లు అమ్మకూడదని నేరుగా చెబుతుంది. అమ్మే హక్కే లేకపోతే రిఫండ్ గొడవలో మీ మాట నిలవదు.

ప్రశ్న: 300 పెట్టి కొన్న మాడ్ మూడు వారాలకే గేమ్ అప్‌డేట్‌తో పోయింది. అమ్మినాయన డబ్బు ఇవ్వనంటున్నాడు.
– దిల్‌సుఖ్‌నగర్ పాఠకురాలు

జవాబు: అమ్మినప్పుడు ‘ఫలానా వెర్షన్‌కు మాత్రమే’ అని ఉంటే ఆయన మాటే సరైంది. ‘జీవితకాలం అప్‌డేట్లు’ అని రాసి ఉంటే, ఆ స్క్రీన్‌షాట్ తీసి అప్‌డేట్ గానీ డబ్బు గానీ గట్టిగా అడగండి. ఆన్‌లైన్ వేదికల్లో అమ్మేవారు రిఫండ్ షరతులు ముందే చూపాలని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఈలోగా స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్, బీటాస్‌లోకి వెళ్లి పాత వెర్షన్ దొరికితే ఎంచుకోండి, మాడ్ మళ్లీ నడవొచ్చు. సేవ్‌ల (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైళ్ల) కాపీ ముందే తీసుకోండి. కొత్త వెర్షన్‌లో చేసిన సేవ్ పాతదాంట్లో తెరుచుకోకపోవచ్చు.

ప్రశ్న: విదేశీ కార్డులతో మాడ్ కొనేవారి రిఫండ్ సంగతి?
– ఉప్పల్ పాఠకుడు

జవాబు: వాళ్లు మిమ్మల్ని అడక్కుండా డబ్బు వెనక్కి ఇప్పించమని నేరుగా బ్యాంకునే అడగొచ్చు. ఆ చార్జ్‌బ్యాక్‌కు సాధారణంగా 120 రోజుల దాకా గడువుంటుంది. పైగా చాలా పేమెంట్ గేట్‌వేలు (కార్డు చెల్లింపులు తీసుకునే సంస్థలు) విడిగా రుసుము వేస్తాయి, చిన్న ధర మాడ్‌కు అదే ఎక్కువవుతుంది. అందుకే డౌన్‌లోడ్ సమయం, ఐపీ అడ్రస్, ఒప్పుకున్న షరతులు భద్రపరచండి. యూరప్ వారికి 14 రోజుల్లో కొనుగోలు రద్దు చేసుకునే హక్కుంది. ‘వెంటనే డౌన్‌లోడ్ కావాలి, ఆ హక్కు పోతుందని తెలుసు’ అని డబ్బు కట్టేముందే టిక్ పెట్టించుకుని, దాన్ని మెయిల్‌లో ధ్రువీకరిస్తేనే ఆ హక్కు వర్తించదు. ఆ టిక్ ముందే పెట్టి ఉంచితే చెల్లదు.