ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో వాసన, బట్టలకి నల్లటి పొట్టు వస్తుంటే డ్రమ్ విప్పించాల్సిందేనా?

సర్వీస్ అబ్బాయి చెప్పాడని వెంటనే విప్పించకండి అండి, ముందు ఇవి చేసి చూడండి. మాది నిజాంపేట, మొత్తం బోరు నీళ్ళే, మీరు రాసిన రెండూ మా ఇంట్లో కూడా వచ్చాయి, తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన, తెల్ల చొక్కాల మీద నల్లటి పొట్టు. విప్పకుండానే తగ్గింది.

మనకి కనిపించే స్టీల్ డ్రమ్ బాగానే మెరుస్తుంటది, దాని చుట్టూ ఇంకో టబ్ ఉంటది, మురికంతా ఆ రెండిటి మధ్య సందులోనే. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ కదా, అవి సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, సువాసన కోసం పోసే సాఫ్ట్‌నర్ జిడ్డు కూడా తోడైతది, రోజూ చన్నీళ్ళలోనే ఉతికితే అది పోదు, దాని మీద బూజు పెరిగి పొరలుగా ఊడొస్తది. మీ బట్టలకి అంటేది అదే.

అందుకని ఖాళీ మెషీన్‌లో ఒక 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నేరుగా డ్రమ్‌లో వేసి 60 డిగ్రీల వేడిలో పెద్ద సైకిల్ తిప్పండి, అది అయ్యాక ఏమీ వేయకుండా ఒక రిన్స్. కిరాణా కొట్లో లూజుగా దొరుకుతది. మొదటిసారి నల్లటి ముక్కలు చాలా వస్తాయి, కంగారు పడకండి. కానీ వారం వారం చేయొద్దు, డ్రమ్‌ని వెనక పట్టుకుని ఉండే భాగం చాలా మెషీన్లలో అల్యూమినియం, ఎక్కువ పులుపు దానికి మంచిది కాదు, రెండు మూడు నెలలకొకసారి చాలు. మీ మాన్యువల్‌లో వద్దని ఉంటే కంపెనీ చెప్పిన డీస్కేల్ పౌడరే (తెట్టు కరిగించేది) వాడండి. ఇంకోటి చాలా ముఖ్యం, నిమ్మ ఉప్పుతో గానీ వెనిగర్‌తో గానీ బ్లీచ్ కలపనే కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తది, బాల్కనీ మూసి ఉంటే ప్రమాదం.

తలుపు దగ్గర రబ్బరు మడత వేలితో విప్పి చూడండి, కింది భాగంలో నీళ్ళు, వెంట్రుకలు, పిన్నీసులు ఉంటాయి, పొడి గుడ్డతో తుడవండి, స్క్రూడ్రైవర్ పెట్టి గీకితే చిరుగుతది. పౌడర్ ట్రే పూర్తిగా బయటికొస్తది, పాత టూత్‌బ్రష్‌తో కడగండి.

కింద మూలన చిన్న మూత వెనకాల డ్రెయిన్ ఫిల్టర్ ఉంటది. చాలామంది దాన్ని తీయనే తీయరు! ప్లగ్ తీసేసి, వేడి నీళ్ళ సైకిల్ అయితే చల్లారాక, వెడల్పాటి పళ్ళెం పెట్టి మెల్లగా తిప్పండి, లోపల ఆగిన నీళ్ళు కారతాయి. వెనక నీళ్ళ పైపు బిగించే చోట జల్లెడ కూడా చూడండి, ట్యాంకులో ఇసుక వచ్చి అది మూసుకుంటే నీళ్ళు నిండక ఎర్రర్ చూపిస్తది.

పౌడర్ మాత్రం నురగ చూసి వేయకండి, ఫ్రంట్ లోడ్ పౌడర్ నురగ తక్కువ వచ్చేలానే చేస్తారు, ప్యాకెట్ మీద కొలతే వేయండి. తువ్వాళ్ళు, దుప్పట్లు అప్పుడప్పుడు వేడి నీళ్ళలో తిప్పండి. ఉతకడం అయ్యాక తలుపూ ట్రే తెరిచే ఉంచండి, చిన్న పిల్లలుంటే మాత్రం తలుపు దగ్గరికి రాకుండా చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా స్పిన్‌లో గరగరమని శబ్దం వస్తున్నా, చేత్తో పైకి లేపితే బయటి టబ్ కదలకుండా లోపలి డ్రమ్ మాత్రమే ఊగుతున్నా అది డ్రమ్ తిరగడానికి ఉండే బేరింగ్ సంగతి, అప్పుడు విప్పించక తప్పదు.