యూదులంటే మతమా, జాతా? పస్కా వారంలో అన్నం వండినప్పుడు నాకు తెలిసింది

మీరు అడిగింది: "యూదులందరిదీ ఒకే దేవుడు, ఒకే గ్రంథం కదా, మరి వాళ్లలో ఇన్ని రకాలెందుకు? అసలు యూదు అంటే మతమా, జాతా?"

మాది జగిత్యాల వైపు పల్లె. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా పదేళ్లు రెండు ఇళ్లలో పనిచేశాను. పండితుల మాట వేరు, నాకు మాత్రం ఈ తేడా అన్నం గిన్నె దగ్గర తెలిసింది.

మొదటి ఇల్లు టెల్ అవీవ్‌లో. పెద్దాయన పోలండ్‌లో పుట్టి, నాజీల క్యాంపు నుంచి బతికి బయటపడ్డవాడు. దేవుడు లేడని తెగేసి చెప్పేవాడు, ప్రార్థన మందిరం గడప తొక్కేవాడు కాదు. మొదటి ఏడాది పస్కా పండుగ వచ్చింది. మన తెలుగు బైబిల్లో దీన్ని పులియని రొట్టెల పండుగ అంటారు కాబట్టి పులిసిన రొట్టె ఉండదని తెలుసు. అన్నానికేం అడ్డని కుక్కర్ పెట్టబోతుంటే ఆపేశాడు. "దేవుడు లేడంటారు కదా తాతా?" అన్నాను. "లేడు. కానీ మా అమ్మ ఈ వారం అన్నం వండేది కాదు" అన్నాడు. ఆ ఏడు రోజులూ ఆలుగడ్డలతోనే గడిపాను.

అసలు నిషేధం గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాలు పులిస్తేనే. బియ్యం, పప్పులు, చిక్కుళ్లు అందులో లేవు. బస్తాల్లో గోధుమ గింజలు కలుస్తాయేమోనన్న భయం వంటి కారణాలతో మధ్యయుగాల్లో యూరప్ రబ్బీలు, అంటే యూదు మత గురువులు, వాటినీ వద్దన్నారు. ఆ యూరప్ యూదులే అష్కెనజీలు.

నాలుగేళ్ల తర్వాత రమత్ గన్‌లో రెండో ఇల్లు. ఈ అవ్వ బాగ్దాద్‌లో పుట్టింది. పస్కా వస్తోందని నేను ముందుజాగ్రత్తగా ఐదు కిలోల ఆలుగడ్డలు మోసుకొస్తే చూసి పగలబడి నవ్వింది. తర్వాత బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బియ్యం పిడికెడు పిడికెడు పోసి, వేలితో ఒక్కో గింజా పక్కకు జరుపుతూ ఏరింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఒక్క గోధుమ గింజ కూడా ఉండకూడదు. మా అమ్మ చేటలో రాళ్లు, వడ్లు ఏరినట్టే అనిపించి నేనూ పక్కన కూర్చున్నాను. ఆ వారం ఇద్దరం కడుపునిండా అన్నం తిన్నాం. సూపర్ మార్కెట్‌లో పస్కా సరుకు మీద "బియ్యం, పప్పులు తినేవారికి మాత్రమే" అనే అర్థంలో రాసి ఉంటుంది. ఒకే పండుగకు రెండు రకాల లేబుళ్లు!

మన దగ్గర యూదుల చరిత్ర అనగానే హిట్లర్ దగ్గర మొదలుపెడతారు. అవ్వ వాళ్లది వేరే కథ. ఇరాక్‌లో రెండున్నర వేల ఏళ్లున్నారు, రబ్బీల వాదనలు, తీర్పులు రాసిపెట్టిన తాల్ముద్ గ్రంథాల్లో పెద్దది తయారైందీ అక్కడే. 1941 జూన్‌లో బాగ్దాద్‌లో యూదుల మీద దాడులు జరిగినప్పుడు వీళ్ల కుటుంబాన్ని పక్కింటి ముస్లింలు దాచారట. 1950, 51లలో లక్షకు పైగా జనాన్ని విమానాల్లో ఇజ్రాయెల్‌కు తెచ్చారు. ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుని దిగితే, ఎయిర్‌పోర్టులో నెత్తిన డీడీటీ పొడి కొట్టారని ముసలితనంలోనూ కోపంగా చెప్పేది. తర్వాత గుడారాల్లో ఉన్నారు. ఆమె తిట్లన్నీ అరబ్బీలోనే.

నమ్మకాల సంగతి చూస్తే, అందరి మీదా చెల్లే ఒక్క పెద్ద గురువు లేడు. ఇజ్రాయెల్‌లోనే ప్రధాన రబ్బీలు ఇద్దరు, అష్కెనజీలకు ఒకరు, సెఫార్దీలకు (స్పెయిన్, అరబ్ దేశాల వైపు నుంచి వచ్చినవాళ్లకు) ఒకరు. తాల్ముద్‌లో ఓడిపోయిన వాదనను కూడా పేరుతో సహా రాసిపెట్టారు. కరాయిట్లు అనే యూదు శాఖవాళ్లు ఆ తాల్ముద్‌నే ఒప్పుకోరు. అమెరికాలో కన్జర్వేటివ్ శాఖ రబ్బీల కమిటీ 2015లో అష్కెనజీలు కూడా పస్కాకు అన్నం తినొచ్చంది. మా టెల్ అవీవ్ తాత ఉంటే ఏమనేవాడో!

మతమా జాతా అన్నదానికి వాళ్లలోనే గొడవ. సంప్రదాయం ప్రకారం తల్లి యూదు అయితే బిడ్డ యూదు, లేదా మతం పుచ్చుకోవాలి. అమెరికాలో రిఫార్మ్ అనే శాఖ రబ్బీలు 1983లో తండ్రి యూదైనా, బిడ్డను యూదుగా పెంచితే చాలన్నారు. 1970లో మార్చిన చట్టం ప్రకారం తాత యూదు అయినా ఇజ్రాయెల్ పౌరసత్వం ఇస్తారు, కానీ అక్కడ యూదుల పెళ్లి రబ్బీల చేతిలో ఉంటుంది. మా వీధి మందుల షాపులో పనిచేసే రష్యా అమ్మాయి సైన్యంలో కూడా చేసింది. అయినా రబ్బీల లెక్కలో యూదు కాదు కాబట్టి పెళ్లికి సైప్రస్ వెళ్లాల్సి వచ్చింది.

ఇక మనవాళ్లు. సెలవు రోజున కరివేపాకు, కందిపప్పు కోసం రమ్లా వెళ్లేవాణ్ని. దుకాణం పెద్దమనిషి బెనె ఇజ్రాయెల్ అనే మన దేశపు యూదుల్లో ఒకడు, ఇంట్లో మరాఠీ. కొంకణ్‌లో వాళ్ల పూర్వీకులు గానుగ ఆడేవారట. శనివారం యూదులు పని మానే రోజు కాబట్టి ఆ రోజు మాత్రం ఎద్దును కట్టేవారు కాదు, అందుకే ఊళ్లో వాళ్లను "శనివార్ తేలీ" (శనివారం గానుగవాళ్లు) అనేవారు. శుభకార్యాలకు ఏలీయా ప్రవక్త పేరు మీద అటుకులు, కొబ్బరి, చక్కెర, పండ్లు కలిపి పళ్లెంలో పెడతారు. మొదటిసారి చూసి సత్యనారాయణ వ్రతం ప్రసాదమేమో అనుకున్నాను. ఇలాంటివాళ్ల పెళ్లిళ్లకే 1960లలో రబ్బీలు పుట్టుపూర్వోత్తరాలు అడిగి అడ్డుపడ్డారు. జెరూసలేంలో ధర్నాలు చేస్తే, 1964లో అన్ని విధాలా యూదులేనని ఒప్పుకున్నారు.

ఒకసారి ఆయనకు మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం గురించి చెప్పాను. అక్కడ బెనె ఎఫ్రాయిం అని కొన్ని మాదిగ కుటుంబాలు తాము యూదులమంటాయి, చిన్న ప్రార్థన మందిరం కూడా ఉంది, ఇజ్రాయెల్ మాత్రం గుర్తించలేదు. రబ్బీలు ఏమన్నారని అడుగుతాడనుకున్నాను. కందిపప్పు తూస్తూ, "శనివారం పనికి పోతారా?" అన్నాడు.