ఒక్క మిషన్ నేర్చుకుంటే బిడ్డ ఎట్లా బతుకుతుంది?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. బత్తాయి తోటే ఆధారం. మా బిడ్డ ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసింది. ప్రాజెక్టు కోసం నాలుగు నెలలు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కు పోయి ఏఎఫ్ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) అనే మిషన్ మీద పనిచేసింది. ఇప్పుడు అక్కడే ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరుతానని, తర్వాత పీహెచ్‌డీ చేస్తానని అంటోంది. మా బామ్మర్ది కొడుకేమో సెమీకండక్టర్ కోర్సు చేయిస్తే 6 నెలల్లో ప్యాకేజీ వస్తుందంటున్నాడు. ఫీజు 1,60,000. ఒక్క మిషన్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తదా? రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: మీతోనూ, అమ్మాయితోనూ ఫోన్‌లో మాట్లాడాకే ఇది రాస్తున్నాను. మిషన్ పేరు మారుతుంది గానీ ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. పైకి అడిగేది ఉద్యోగం గురించి. లోపలి భయం వేరు. నలుగురికి చెప్పుకోలేని పనిలో బిడ్డ ఇరుక్కుపోతుందేమో, సంబంధం చూడవచ్చినవాళ్లు ‘అమ్మాయి ఏం చేస్తుంది’ అంటే ఏం చెప్పాలో అని. అందుకే ముందు ఆమె చేసే పనేమిటో మీకు తెలియాలి.

తాపీ మేస్త్రి ప్లాస్టరింగ్ అయ్యాక గోడ మీద అరచెయ్యి వేసి రాస్తూ పోతాడు. కంటికి నున్నగా కనిపించిన చోట కూడా ఎత్తుపల్లాలు చేతికి తగులుతాయి. ఏఎఫ్ఎం చేసేదీ అదే. మిల్లీమీటరులో పదోవంతు పొడవుండే సన్నని సిలికాన్ రేకు, దాని కొసన ఒక మొన. ఆ మొన చివర పది నానోమీటర్ల లెక్కలో ఉంటుంది. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. రేకు వీపు మీద లేజర్ కిరణం పడుతూ ఉంటుంది. మొన గుట్ట ఎక్కినా గుంతలో దిగినా రేకు వంగుతుంది, కిరణం పక్కకు జరుగుతుంది. ఆ జరిగినదాన్ని కొలిచి కంప్యూటర్ పటం గీస్తుంది. మొనను ఆనించి వెనక్కి లాగితే ఆ పదార్థం ఎంత మెత్తనిదో, ఎంత అంటుకుంటుందో కూడా తెలుస్తుంది. బిన్నిగ్, క్వేట్, గెర్బర్ అనే ముగ్గురు 1986లో దీని గురించి ప్రచురించారు. అంతకుముందు వచ్చిన ఎస్‌టీఎం అనే మైక్రోస్కోప్ కరెంటు పారే పదార్థాలనే చూడగలిగేది. దీనికి గాజైనా ప్లాస్టిక్కైనా ఒకటే. ఫ్లోరైడ్ వల్ల గార పట్టిన పళ్ల ఎనామెల్‌ను కూడా పరిశోధకులు దీంతో చూశారు. మన నల్లగొండ వాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

అమ్మాయి నాకు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపింది. గాజు పలక మీద వేసి వేడిచేసిన జింక్ ఆక్సైడ్ పొరవి. మొదటిదాంట్లో గోధుమరంగులో గుట్టలు గుట్టలుగా రేణువులు, చూడటానికి ముచ్చటగా ఉంది. ‘అది తప్పు మేడమ్’ అంది. దగ్గరగా చూస్తే ప్రతి రేణువూ ఒకే మూడు కోణాల ముక్క, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. మొన విరిగిపోతే అది నమూనాను వదిలేసి తన ఆకారాన్నే మళ్లీ మళ్లీ గీస్తుందట. అనుమానం వచ్చి పలకను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ స్కాన్ చేసింది. పలక తిరిగినా బొమ్మలోని ముక్కలు తిరగలేదు. రెండు రోజుల డేటా పక్కన పెట్టి, కొత్త మొన వేసి, మొదటి నుంచి చేసింది. ఎవరూ చెప్పకుండానే. మీరు ‘ఒక్క మిషన్’ అన్నది దీన్నే. ఆ కన్ను, ఆ నిజాయితీ ఏ ల్యాబ్‌కు పోయినా ఆమెతోనే ఉంటాయి.

ఇక చేదు సంగతులు. ఏఎఫ్ఎం నడిపేవాళ్లే కావాలంటూ వచ్చే ప్రకటనలు చాలా తక్కువ. ప్రాజెక్ట్ అసిస్టెంట్ కొలువు ఆ ప్రాజెక్టు ఉన్నంతకాలమే. నిధులు ఆలస్యమైతే జీతమూ ఆలస్యమవుతుంది. పీహెచ్‌డీ అంటే 5 ఏళ్లు అనుకోండి. అందుకే ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో పదార్థం లోపలి అమరిక చూసేది), ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కూడా చేతికి అలవాటు కావాలి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా సెజ్ లాంటి చోట్ల ఏఎఫ్ఎం కన్నా అలాంటి పరికరాలకే పని ఎక్కువ.

కానీ మీరు నమ్ముతున్న కోర్సు మీద నాకున్న అనుమానాలు వీటికన్నా పెద్దవి. 2021లో కేంద్రం 76 వేల కోట్లతో సెమీకండక్టర్ పథకం ప్రకటించింది, గుజరాత్‌లో సాణంద్, ధోలేరాల్లో ప్లాంట్లు పెడుతున్నారు, అంతా నిజమే. అయితే సెమీకండక్టర్ అనే ఆ ఒక్క మాట కింద రెండు వేరు వేరు పనులున్నాయి. ఒకటి చిప్ డిజైన్, అంటే కంప్యూటర్ మీద సర్క్యూట్ తయారుచేసి సరిచూసే పని. హైదరాబాద్‌లో ఎక్కువగా ఉన్నది ఇదే. దీనికి ఈసీఈలో బీటెక్, ఎంటెక్ చేసినవాళ్లు ఇప్పటికే బారులు తీరి ఉన్నారు. రెండోది చిప్ తయారీ. వేఫర్ అనే పలుచని సిలికాన్ బిళ్ల మీద పొర మీద పొర వేసి, ప్రతి పొర మందాన్నీ నున్నదనాన్నీ కొలవాలి. ఫిజిక్స్ పిల్లలకు చోటు ఉన్నది ఇక్కడ. ఆ కొలిచే పరికరాల్లో ఏఎఫ్ఎం ఒకటి.

మీరు పంపిన కరపత్రం చూశాను. పైన తెల్ల సూట్ వేసుకుని వేఫర్ పట్టుకున్న మనిషి. లోపల సిలబస్ చూస్తే వెరిలాగ్, టైమింగ్ అనాలసిస్, అంటే సర్క్యూట్ రాసి సరిచూసే పాఠాలు. ఫొటో తయారీది, పాఠం డిజైన్‌ది. ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్నది ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’. ఉద్యోగం ఇప్పిస్తామని ఎక్కడా లేదు. మూడేళ్ల కింద ఇద్దరు ఫిజిక్స్ పిల్లలు ఇలాంటి కోర్సులో చేరతామంటే నేను గట్టిగా వద్దనలేకపోయాను. ఒకరికి ఉద్యోగం వచ్చింది, చిప్‌లతో సంబంధం లేని కస్టమర్ సపోర్టులో. ఇంకొకరి ఇంట్లో ఆ ఫీజు అప్పు ఇంకా తీరలేదు. ఆ తప్పు మళ్లీ చేయను.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. ఫీజు కోసం తోట మీద అప్పు తెస్తానన్నారు. అదే బిడ్డ హాస్టల్‌కు నెలకు 6 వేలు అడిగితే ‘ఇంకెన్నాళ్లు చదువుతావు’ అన్నారట. బామ్మర్ది కొడుకు మాటకు 1,60,000 విలువ ఇచ్చారు. రెండేళ్లు ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల మాటకు 6 వేల విలువ కూడా ఇవ్వలేదు. మొన్న ఆమె నాతో మాట్లాడుతుంటే మధ్యలో రెండుసార్లు ఫోన్ తీసుకున్నారు. నాకు కోపం వచ్చింది అన్నా. బత్తాయి మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు నీళ్లు పోసిన మనిషి మీరు. బిడ్డకు ఒక్క ఏడాది ఇవ్వలేరా?

భయపడకండి. ఆమె వయసు 22. ఏడాది ల్యాబ్‌లో ఉన్నంత మాత్రాన ఎమ్మెస్సీ ఎక్కడికీ పోదు. జూనియర్ లెక్చరర్, గురుకుల నోటిఫికేషన్లు పడితే అప్పుడూ రాసుకోవచ్చు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం). పీహెచ్‌డీ అంటే ఇంటి నుంచి డబ్బు పంపే చదువు అనుకుంటున్నారు మీరు. ఫెలోషిప్ వస్తే ఆమే మీకు పంపుతుంది. సంబంధం అడిగినవాళ్లకు ‘మా బిడ్డ సైంటిస్టుల దగ్గర పనిచేస్తుంది’ అని చెప్పండి. అది అబద్ధం కాదు.

చేరేముందు నియామక ఆర్డర్‌లో ప్రాజెక్టు ఏ తేదీ వరకు ఉందో చూడమనండి. ఇతర పరికరాల మీద చెయ్యి పెట్టనిస్తారా, పరిశోధన పేపర్‌లో పేరు వేస్తారా అని గైడ్‌ను సిగ్గుపడకుండా అడగమనండి. ఏఎఫ్ఎం చిత్రాలను విశ్లేషించే గ్విడ్డియన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనే నేర్చుకోవచ్చు. దేశంలో ఏ పరికరం ఏ సంస్థలో ఉందో కేంద్రం నడిపే ఐ-స్టెమ్ పోర్టల్‌లో కనిపిస్తుంది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, తార్నాకలోని ఐఐసీటీ లాంటి పరిశోధన సంస్థల ఉద్యోగ ప్రకటనలు నెలకోసారైనా చూస్తూ ఉండమనండి. నెట్‌కు రెండుసార్లు గట్టిగా రాయనివ్వండి. రెండుసార్లూ కాకపోతే అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం, ఏ కోర్సుకైనా నేనే తోడొస్తాను.

ఈ ఆదివారం తోట పని అయ్యాక ఆమె ఫోన్‌లోని ఆ రెండు ఫొటోలు చూపించమనండి. మొదటిదాన్ని ఎందుకు పక్కన పెట్టిందో ఆమె నోటితోనే వినండి. ఫీజు కట్టే చివరి తేదీ ఇంకా పది రోజులుంది కదా, అది విన్నాక నాకు ఫోన్ చేయండి.